పదికి ఎంత?

మా బ్యాంకు బ్రాంచిలో లాకర్ గదికి వెళ్ళాలంటే తొమ్మిది మెట్లు దిగాలి. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దిగేటప్పుడే కుడి మోకాలికి బయటివైపున దబ్బనంతో పొడిచినట్టు ఉండేది. తాళంచెవి పట్టుకుని నేను ముందు, కస్టమర్ నా వెనక. నా ముఖం వాళ్ళకు కనపడదు, అదొక్కటే నయం. రెయిలింగ్ పట్టుకుని, కాలు వంచకుండా కర్రలాగా చాపి, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగేదాన్ని. "ఏమైంది మేడమ్?" అని అడిగితే "ఏం లేదండీ, కొంచెం పట్టేసింది" అనేదాన్ని.

ఆ "ఏం లేదు" వల్ల నా మొదటి మారథాన్ ఏడాది వెనక్కి పోయింది.

నాకిప్పుడు 45 ఏళ్ళు. ఉండేది లింగంపల్లిలో. పరుగు సరదాకి మొదలుపెట్టలేదు. మూడు నెలల షుగర్ సగటు 6.1 వచ్చింది, డాక్టరు రోజూ నడవమన్నారు. నడిచాను. ఓ రోజు ఎందుకో ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా పరుగెత్తి చూశాను. ఊపిరి అందలేదు గానీ నవ్వొచ్చింది. కాలేజీ రోజుల తర్వాత నేను పరుగెత్తిందల్లా బస్సు కోసమే. ఏడాదిన్నరకి పది కిలోమీటర్లు, ఆ తర్వాత హాఫ్ మారథాన్, 2 గంటల 51 నిమిషాలు. ఆ మెడల్‌ని మా అత్తమ్మ తీసుకెళ్ళి దేవుడి గూట్లో తగిలించింది. ఆవిడది సిద్దిపేట వైపు. మెచ్చుకోవడం అంతవరకే. "పొద్దుగాల్నే ఉరికి ఉరికి ఏం తెస్తున్నవ్ బిడ్డా? వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ అన్న తేరాదు?" అనేది.

ఆ ఊపులో ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ మారథాన్‌కి పేరిచ్చేశాను. మా రన్నింగ్ గ్రూపులో పాతవాళ్ళు "మొదటిదే ఇదా అక్కా?" అన్నారు. అనరా మరి. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. నడుమ ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. పైగా ఆగస్టు ఉక్క. మొత్తం 42.195 కిలోమీటర్లు. ఆ చివరి 195 మీటర్లు చూస్తే నాకు వడ్డీ లెక్కలో మిగిలే పైసలు గుర్తొస్తాయి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించారు. దూరం అలా తేలింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. ఎప్పుడో ఎవరి కుర్చీ ఎక్కడ వేశారో దాన్నిబట్టి నా మోకాళ్ళు ఇప్పుడు ఇంకో రెండొందల పైచిలుకు అడుగులు వెయ్యాలన్నమాట.

పద్దెనిమిది వారాల ట్రైనింగ్ చార్టు ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అతికించాను. అయిన రోజు మీద ఎర్ర పెన్నుతో టిక్కు. నాకు లెక్క తప్పితే నిద్రపట్టదు, ఉద్యోగం అలాంటిది. ఏప్రిల్లో కొడుకు పరీక్షల వల్ల ఓ వారం తప్పిపోయింది. దాన్ని పూడ్చడానికి వారానికి 34 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 50కి దూకాను. ఆ చార్టు కింద "వారం తప్పితే వదిలెయ్యండి, కలిపి పరుగెత్తొద్దు" అని రాసే ఉంది. చదివాను కూడా.

పది రోజుల్లో రెండు కాళ్ళకీ ముందెముక లోపలి అంచు వెంబడి జానెడు మేర సలుపు మొదలైంది. షిన్ స్ప్లింట్స్ అంటారు దీన్ని. పరుగు మొదట్లో నొప్పి, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంది, ఇంటికొచ్చాక రెండింతలు. ఒక డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే తీయించి, "ఈ వయసులో మారథాన్లేంటమ్మా, వాకింగ్ చాలదా?" అని మూడు నిమిషాల్లో పంపించేశారు. ఆ మాట పడక ఇంకో ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన బొటనవేలితో ఎముక పొడుగునా నొక్కుకుంటూ వచ్చి, ఒంటికాలి మీద గెంతమన్నారు. నొప్పి ఒకే చోట, వేలితో చూపించేంత చిన్న చోట ఉంటే ఎముకలో సన్నటి పగులేమోనని అనుమానించాలట. అది మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. నాది పొడుగునా పరుచుకుని ఉంది కాబట్టి మూడు వారాలు విశ్రాంతి చాలన్నారు. ఆ మూడు వారాలు సైకిల్ తొక్కాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను.

మళ్ళీ పరుగు మొదలుపెట్టేసరికి జూన్. చార్టులో మూడు వారాలు తెల్లగా ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అవే కనపడేవి. ఓ ఆదివారం గ్రూపుతో కలిసి 26 కిలోమీటర్లు, దారిలో రెండు ఫ్లైఓవర్లు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ దిగుతుంటే కుడి మోకాలి పక్కన ఏదో చురుక్కుమంది. ఆగి, కాలు విదిలించి, మళ్ళీ పరుగెత్తాను. చిత్రమేమిటంటే వేగం పెంచితే కాస్త తగ్గేది, నెమ్మదిస్తే పెరిగేది. "చూశావా, ఇది నిజం నొప్పి కాదు" అనుకున్నాను. తర్వాత తెలిసింది, నా జబ్బుకి అదే గుర్తని. తుంటి నుంచి మోకాలి కింది దాకా తొడ పక్కన ఓ దళసరి పట్టీ ఉంటుంది, ఐటీ బ్యాండ్. మోకాలు సుమారు ముప్ఫై డిగ్రీలు వంగినప్పుడు అది ఎముక మీద ఒత్తుకుంటుంది. నెమ్మదిగా పరుగెత్తినా, పల్లం దిగినా, మెట్లు దిగినా కాలు ఆ వంపులోనే ఎక్కువసేపు ఉంటుంది.

అక్కడి నుంచి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. గ్రూపులో చెబితే పరుగెత్తొద్దంటారు, ఇంట్లో చెబితే మానెయ్యమంటారు. ఆదివారం లాంగ్ రన్‌కి ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళేదాన్ని. ఇది ఎవరూ చెయ్యకండి. ఒంట్లో నీరు తగ్గిపోతున్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయని తర్వాత నాకు బాగా చీవాట్లు పడ్డాయి. అప్పట్లో నాకు ధైర్యం జోన్ బెనాయిట్. 1984 లాస్ ఏంజెలస్‌లో ఆడవాళ్ళకి మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ పెట్టినప్పుడు గెలిచిన అమెరికా ఆవిడ. ఆ ఒలింపిక్స్‌కి ఎంపిక పోటీలకి సరిగ్గా పదిహేడు రోజుల ముందు ఆవిడ మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఆవిడ పరుగెత్తగా లేనిది నేనెంత అనుకునేదాన్ని.

జులై రెండో వారంలో పరుగు మధ్యలో కాలు లేవలేదు. ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. మా ఆయన ఏమీ అనలేదు, ఫోన్ తీసి ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

ఫిజియో చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో, గుంటూరు యాస. మొదటి ప్రశ్న: "పదికి ఎంత మేడమ్? సున్నా అంటే అసలు లేదు, పదంటే ఇంక భరించలేరు." నేను "రెండు" అన్నాను. ఆ అమ్మాయి ఓ చిన్న స్టూలు మీద నుంచి నన్ను దిగమంది. దిగాను. "ఇప్పుడు చెప్పండి." "రెండున్నర." "మేడమ్, మీ పెదవి పళ్ళ కింద నలిగిపోతోంది. రెండున్నరకి ఎవరూ అలా కొరుక్కోరు." ఏం చెప్పాలో తోచలేదు. రోజంతా అంకెల మధ్య బతికేదాన్ని, నాకు సంబంధించిన ఒక్క అంకె సరిగ్గా చెప్పలేకపోయాను.

బెనాయిట్ కథ చెబితే నవ్వింది. "ఆవిడ డాక్టరుకి చూపించుకుంది కదా మేడమ్. మీరు చేసింది దాచిపెట్టడం."

అద్దం ముందు ఒంటికాలి మీద నిలబెట్టి మెల్లగా గుంజీ తీయమంది. కుడి కాలి మీద తీస్తుంటే మోకాలు లోపలికి వాలిపోతోంది, ఎడమ నడుము కిందికి జారుతోంది. తుంటి పక్క కండరాలకి బలం లేదంది. నాకర్థమైంది ఇలా: తుంటి చేసిన అప్పుకి మోకాలు జామీను సంతకం పెట్టింది. అసలు మనిషి కట్టకపోతే బ్యాంకు వాళ్ళం వెళ్ళి ఎవర్ని పట్టుకుంటాం? జామీనుదారునే. అప్పటిదాకా నేను ఫోమ్ రోలర్ (కండరాలు రుద్దుకునే గుండ్రటి దిమ్మె) వేసి మోకాలి పక్కన కళ్ళలో నీళ్ళొచ్చేలా రుద్దుకోవడమంతా, జామీనుదారుని నిలబెట్టి తిట్టడమే.

"ఆగస్టుకి అవుతుందా?" అని అడిగాను. "అవదు మేడమ్" అంది. ఇంత సూటిగా చెబుతుందనుకోలేదు. కారులో కూర్చుని ఏడ్చాను. నొప్పికి రాని ఏడుపు దానికొచ్చింది.

పోటీ రోజు ఇంట్లో ఉండలేక వాలంటీర్‌గా వెళ్ళాను. జూబ్లీహిల్స్ ఎత్తు మీద నీళ్ళ టేబుల్ దగ్గర డ్యూటీ. నారింజ తొనలకి ఉప్పు అద్ది పళ్ళేల్లో పెట్టడం, గ్లాసులు సగం సగం నింపడం. మొదట వచ్చినవాళ్ళు గాలిలా పోతారు, చేతిలో గ్లాసు ఎప్పుడు తీసుకున్నారో కూడా తెలియదు. అసలు కథ రెండు మూడు గంటల తర్వాత వచ్చేవాళ్ళది. నా వయసే ఉంటుంది, ఒకావిడ కుంటుతూ వచ్చింది, ఎడమ కాలు బయటికి విసిరి వేస్తోంది. మెడికల్ టెంటు కుర్రాడు ఎదురెళ్ళి "మేడమ్, కాసేపు కూర్చుంటారా?" అన్నాడు. "ఏం లేదు నాయనా, బాగానే ఉన్నా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. తొమ్మిది మెట్లు దిగాక కస్టమర్ వైపు తిరిగి నేను నవ్వే నవ్వు.

సెప్టెంబరు నుంచి ఫిజియో ఇచ్చిన పని మొదలైంది. పక్కకు పడుకుని మోకాళ్ళు వంచి పై కాలు ఆల్చిప్పలా తెరవడం. కాళ్ళకి రబ్బరు బ్యాండు కట్టుకుని పీతలాగా పక్కకు నడవడం. ఒంటికాలి గుంజీలు. ఇంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు. పరుగులో కనీసం దారి మారుతుంది, ఇక్కడ హాల్లో అదే ఫ్యాను, అదే క్యాలెండరు. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు ఒక సెట్టు అని లెక్క పెట్టుకున్నాను. అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన చాప మీదికి దిగి, చిక్కుళ్ళు ఒలుస్తూ చూసేది. "గిదేం కసరత్తు బిడ్డా, చంటిపిల్ల లెక్క కాళ్ళాడిస్తున్నవ్." లేచేటప్పుడు మళ్ళీ గోడే. చెయ్యందిస్తే "ఏం లేదు, నేను లేస్త" అనేది.

వారానికి రెండు రోజులు ఈతకొలను. ఈత కొట్టడానికి కాదు. నడుముకి తేలే బెల్టు కట్టుకుని, కాళ్ళు నేలకి తగలని లోతులో నిలువుగా పరుగెత్తాలి. ఊపిరికి పని ఉంటుంది, కీళ్ళకి దెబ్బ ఉండదు. చూసేవాళ్ళకి మాత్రం వింతే. లేడీస్ బ్యాచ్‌లో ఓ చిన్నపిల్ల దగ్గరికొచ్చి, "ఆంటీ, మునిగిపోతున్నారా? సార్‌ని పిలవనా?" అంది.

ఫిజియో ఇంకో పని చేసింది. ఓ చిన్న నోటుపుస్తకం ఇచ్చి, రోజూ మూడు అంకెలు రాయమంది: పరుగుకి ముందు, పరుగులో, మర్నాడు పొద్దున. పరుగులో మూడు దాకా పర్వాలేదు, మర్నాటికి అది పెరగకూడదు. నాలుగైతే నడవాలి. కుంటు వచ్చిందంటే అంకెతో పనిలేదు, ఆగిపోవాలి. మొదటి పదిహేను రోజులూ అన్నీ ఒకట్లూ రెండ్లే. పుస్తకం తిరగేసి "ఇది చెల్లదు మేడమ్, మళ్ళీ రాయండి" అని వెనక్కిచ్చింది, మేం చెక్కు తిప్పి పంపినట్టు. డిసెంబరులో మొదటిసారి "5" అని రాశాను. చేతికి ఎంత బరువుగా అనిపించిందో చెప్పలేను.

అడుగులు కూడా మార్చాం. నిమిషానికి 156 అడుగులు పడుతున్నాయని వాచీ చూపించింది. కాలు మరీ ముందుకి చాచి వేస్తున్నానంది. దాన్ని 165 దాకా తెచ్చాం. అడుగు పొట్టిది, తొందరది. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళు వేసే అడుగులాంటిది అనుకుంటే నాకు తేలికైంది.

రెండో ఏడు పేరు నమోదు చేసుకున్న నెలకే ఎడమ మడమ మొదలుపెట్టింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద గాజుపెంకు మీద కాలేసినట్టే. పది అడుగులకి సర్దుకుంటుంది. ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి పట్టీకి వచ్చే బాధ. ఈసారి మాత్రం ఆ రోజే పుస్తకంలో "6" రాసి, ఫొటో తీసి ఫిజియోకి పంపాను. "వెరీ గుడ్ మేడమ్" అని జవాబొచ్చింది. ఆరొస్తే వెరీ గుడ్ ఏంటని మా ఆయన ఆశ్చర్యపోయాడు.

దీనికి వైద్యం మెట్టు మీద. కాలివేళ్ళ కింద తువ్వాలు చుట్ట పెట్టి, ఒంటికాలి మీద మూడు లెక్కపెడుతూ లేచి, రెండు లెక్కల సేపు నిలిచి, మూడు లెక్కలకి దిగడం, రోజు విడిచి రోజు. ఆఫీసులో ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ళ సీసా కౌంటర్ కింద పెట్టుకుని అరికాలితో దొర్లించేదాన్ని. అది ఓసారి దొర్లుకుంటూ పోయి క్యాషియర్ కాళ్ళకి తగిలి ఆయన కేకపెట్టాడు. అత్తమ్మ మాత్రం తన మందు వదల్లేదు. ఇటుక వేడిచేసి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ అదమమంది. ఫిజియోని అడిగితే "కాలకుండా చూసుకోండి, ఆ పాలు కళ్ళలో పడనీయకండి, హాయిగా ఉంటే పెట్టుకోండి" అంది. హాయిగానే ఉండేది.

ఈసారి చార్టు ఫ్రిజ్ మీద లేదు. వారానికి నాలుగు రోజులే పరుగు. 32 కిలోమీటర్ల లాంగ్ రన్ రాసి ఉన్న రోజు 27 దగ్గర మడమ నాలుగుకొచ్చింది, ఆటో ఎక్కేశాను. ఆటో ఎక్కడమూ ఒక విద్యే. నేను చేసిన అతి పొడుగు పరుగు 30. ఆ మిగిలిన పన్నెండు ఎలా అవుతాయో తెలియకుండానే మొదటిసారి మారథాన్ పరుగెత్తేవాళ్ళలో చాలామంది గీత దగ్గర నిలబడతారట. చివరి రెండు వారాలు పరుగు తగ్గించమంటారు, దాన్నే టేపర్ అంటారు. అప్పుడు ఒంట్లో లేని నొప్పులన్నీ లేస్తాయి. బుధవారం చీలమండ, గురువారం రెండో తుంటి, శుక్రవారం గొంతునొప్పి. అన్నీ రాశాను. పోటీ రోజు ఒక్కటీ లేదు.

ఆ ఆదివారం రెండున్నరకే మెలకువ వచ్చింది. రెండు అరటిపళ్ళు, బ్రెడ్డు. ఒరుసుకునే చోటల్లా వాజెలైన్. హుస్సేన్‌సాగర్ మీద ఇంకా చీకటి, గాలి లేదు, నిలబడితేనే చెమట. పోటీ రోజుకని ఫిజియోతో బేరమాడి మూడుని ఐదు చేయించుకున్నాను. చేతి మీద పెన్నుతో "5" అని రాసుకున్నాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగేటప్పుడు బిందె అడుగులే వేశాను, పక్కనుంచి కుర్రాళ్ళు జారుడుబల్ల దిగినట్టు దూసుకుపోయారు. సగం దూరానికి మోకాలు ఒకటి, మడమ రెండు. కేబుల్ బ్రిడ్జి మీద ఎండ వచ్చింది. ముప్ఫై దాటాక మడమ నాలుగు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ముప్ఫై ఐదు దగ్గర పిక్క ముడి పడింది. మెడికల్ కుర్రాడు వచ్చి "ఎలా ఉంది మేడమ్?" అన్నాడు. "పిక్క ఏడు, మిగతావి ఫర్వాలేదు" అన్నాను. అతను ఓ క్షణం చూసి, కూర్చోబెట్టి, పాదం వెనక్కి వంచి పట్టుకున్నాడు. ఉప్పు నీళ్ళు తాగించాడు. ఆరు నిమిషాలు పోయాయి. అది నాలుగుకి దిగాకే లేచాను.

యూనివర్సిటీ చెట్ల కింద చాలావరకు నడిచాను. స్టేడియం గేటులోకి తిరిగాక పరుగెత్తాను. 5 గంటల 52 నిమిషాలు. మా అబ్బాయి వీడియో తీశాడు, అందులో నేను పరుగెత్తుతున్నట్టు లేదు, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు ఉంది.

ఇంటికొచ్చి స్నానం చేసి మంచం మీద పడ్డాను. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. అత్తమ్మ నువ్వులనూనె వేడిచేసి గిన్నెతో తెచ్చి, గోడ పట్టుకుని మంచం అంచున కూర్చుంది. "నొస్తున్నదా బిడ్డా?"

"కుడి మోకాలు మూడు. మడమ ఐదు. గోళ్ళు ఎనిమిది."

నవ్వింది. అరచేతిలో నూనె పోసుకుని కాసేపు పిక్క రుద్దింది. తర్వాత నా వైపు చూడకుండానే, "గా పుస్తకంల నాది గూడ రాయరాదు" అంది.

"మీదేంటి అత్తమ్మా?"

"నడుము. మీ పెండ్లి కాకముందు సంది."

"పదికి ఎంత?"

చెయ్యి ఆపి ఆలోచించింది. "పొద్దుగాల లేస్తే ఎనిమిది. ఇప్పుడు ఆరు."

పుస్తకంలో చివర రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. తేదీ వేసి రాశాను.